2024-25 వార్షిక నివేదిక: బకాయిల చుట్టూ తిరిగిన ఏడాది

తెలంగాణ ఆర్టీసీ విశ్రాంత ఉద్యోగుల సంఘం సభ్యులకు, దివంగత సభ్యుల కుటుంబాలకు నమస్కారం.

ఈ ఏడాది మన పనిలో ముప్పాతిక వంతు 2017 వేతన సవరణ బకాయిలకే పోయింది. 2017 ఏప్రిల్ 1 నుంచి రావాల్సిన సవరణను 2024 మార్చిలో మూల వేతనంపై 21 శాతం పెంపు (ఫిట్‌మెంట్)తో ప్రకటించారు. కొత్త జీతాలు జూన్ 1 నుంచి అన్నారు. మధ్యలోని ఏడేళ్ల బకాయి మాత్రం రిటైరయ్యేటప్పుడు, వడ్డీ లేకుండా ఇస్తామన్నారు. ఈ సవరణ వర్తించే 53,071 మందిలో 11,014 మంది అప్పటికే డిపో గేటు దాటి వచ్చేసినవాళ్లం. రిటైర్మెంట్ నాడు ఇస్తామంటే, ఎప్పుడో రిటైరైన మనకు ఏ నాడు? వినతిపత్రాలన్నిటిలో మనం అడిగింది ఇదే.

ప్రకటన రాగానే చాలామంది 21 శాతాన్ని నెలలతో గుణించుకుని లక్షలు లెక్కేసుకున్నారు. కానీ మధ్యంతర భృతి (ఐఆర్) 16 శాతం ముందే తీసుకున్నాం, అది పోతుంది. మూల వేతనం 20,000 ఉంటే ఫిట్‌మెంట్ 4,200, ఐఆర్ 3,200. డీఏ, ఇంటి అద్దె తేడాలు పక్కన పెడితే, ఐఆర్ అందిన నెలల్లో మిగిలేది వెయ్యి. ఏళ్ల కిందటి వెయ్యికి ఇప్పుడెంత విలువో సంతకు వెళ్లేవాళ్లకు చెప్పక్కర్లేదు. అయితే గ్రాట్యుటీ తేడాను చిన్నచూపు చూడొద్దు. దాన్ని ఆఖరి నెల మూల వేతనం, డీఏ మీద లెక్కిస్తారు కాబట్టి, 2017 ఏప్రిల్ తర్వాత రిటైరైనవాళ్లు లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్‌తో (వాడని సెలవులకు వచ్చే డబ్బుతో) పాటు దాన్నీ విడిగా రాసి పెట్టుకోవాలి. పాత పే స్లిప్పులు తెచ్చినవాళ్లకు మన కోశాధికారి ఓపిగ్గా కూర్చుని షీట్లు వేసిచ్చారు.

డబ్బు కన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది కాగితాలు. ఒక కండక్టర్ భార్య సంగతి చెప్పాలి. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో అమ్మ పేరు నామినీగా రాసి, పెళ్లయ్యాక మార్చలేదు. ఇప్పుడు ఆ అమ్మా లేదు, ఆయనా లేడు. ఈమె పేరు ఆధార్‌లో ఒక రకంగా, పాస్‌బుక్‌లో ఇంకో రకంగా ఉంది. మీసేవలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టించి, బ్యాంకు పేరు సరిచేయించేదాకా మన ఉపాధ్యక్షులు ఆమె వెంటే ఉన్నారు. ఇలాంటి ఇళ్లు మనలో ఇంకా ఉన్నాయి. దయచేసి మొహమాటపడకండి.

బకాయి ఒకేసారి చేతికొస్తే ఆ ఏడాది ఆదాయపు పన్ను పెరగొచ్చు. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 89 కింద ఊరట ఉంది. రిటర్న్ వేసే ముందే ఆన్‌లైన్‌లో ఫారం 10ఈ నింపాలి. ఇది మర్చిపోయి తర్వాత నోటీసుతో వచ్చేవాళ్లే ఎక్కువ.

ఆలస్యం మనకు కొత్త కాదు. 2015 మే సమ్మె తర్వాత 44 శాతం ఫిట్‌మెంట్ వచ్చినప్పుడు బకాయిల్లో సగం నగదు కాకుండా బాండ్లుగా ఇస్తామన్నారు. వాటికి రూ.280 కోట్లు విడుదలైంది 2024 ఫిబ్రవరిలో. నాలుగేళ్లకోసారి జరగాల్సిన సవరణల్లో 2021ది, 2025ది అలాగే ఉన్నాయి. 2019 సమ్మె తర్వాత యూనియన్ ఎన్నికలు లేవు కాబట్టి గట్టిగా అడిగే గుర్తింపు సంఘమూ లేదు. 2025 మే 7 నుంచి ఆర్టీసీ కార్మిక సంఘాల ఉమ్మడి వేదిక (జేఏసీ) తలపెట్టిన సమ్మె, రవాణా మంత్రితో చర్చల తర్వాత ముందు రోజు వాయిదా పడింది. ముగ్గురు ఐఏఎస్ అధికారులతో కమిటీ వేశారు. రిటైరైనవారి బకాయిలను ప్రత్యేక అంశంగా చూడాలని ఆ కమిటీకి రాయాలన్నది మన కార్యవర్గం నిర్ణయం. కమిటీ అంటే నాకు పెద్ద ఆశ లేదు, అయినా రాద్దాం.

పీఎఫ్‌తో వచ్చే ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్) కింద కనీస పింఛను 2014 నుంచి వెయ్యి రూపాయలే. దాని పెంపు కోసం మిగతా సంఘాలతో కలిసి సంతకాలు చేశాం.

జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో చదువుతాం. వచ్చేటప్పుడు రిటైర్మెంట్ ఆర్డర్, ఆఖరి పే స్లిప్పు, ఆధార్, పాస్‌బుక్ జిరాక్సులు తెచ్చుకోండి. మన మధ్య లేని సభ్యుల తరఫున వాళ్ల ఇంట్లో ఒకరైనా వచ్చేలా, పక్క వీధిలో ఉన్నవాళ్లు కబురు చెప్పండి.

– కార్యదర్శి