వెలుతురు ఎటు నుంచి రావాలి? ఫొటోగ్రఫీ క్లబ్ గురించి మీతో నాలుగు మాటలు

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల టైమ్‌టేబుల్, ఫీజు వివరాలు రెండో పేజీలో ఉన్నాయి. మొదటి పేజీ ఈసారి ఫొటోగ్రఫీ క్లబ్‌కి ఇచ్చేశాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఈ టర్మ్‌లో ఫ్లాష్ లైటింగ్ నేర్చుకుంటున్నారు. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో మీలో కొందరు అడిగారు, "ఫోన్లలో నైట్ మోడ్ వచ్చేసింది కదా మేడమ్, ఇంకా ఈ ఫ్లాష్ ఎందుకు?" అని. అడగాల్సిన ప్రశ్నే. ఆ హడావిడిలో సరిగ్గా చెప్పే వీలు లేకపోయింది కాబట్టి ఇక్కడ చెబుతాను.

నైట్ మోడ్ చీకట్లో వరసగా కొన్ని ఫొటోలు తీసి, వాటిని కలిపి, ఉన్న కాస్త వెలుతురునే పెంచి చూపిస్తుంది. కదలని భవనానికి బాగానే ఉంటుంది. పరిగెత్తే పిల్లాడిని తీస్తే చేతులు, కాళ్లు చెదిరిపోతాయి. అంతకన్నా ముఖ్యం, వెలుతురు ఎటు నుంచి పడాలో అది మార్చలేదు. ట్యూబ్‌లైట్ నెత్తి మీద ఉంటే కళ్ల కింద నీడలు పడాల్సిందే. విడిగా ఫ్లాష్ చేతిలో ఉంటే ఆ వెలుతురుని పక్క నుంచి తేవచ్చు, వెనక నుంచి తేవచ్చు, కావాలంటే ముఖంలో సగం చీకట్లోనే ఉంచవచ్చు. మా పిల్లలు నేర్చుకుంటున్నది అది.

అందుకే మొదటి క్లాసులోనే ఫిజిక్స్ మాస్టారు ఫ్లాష్‌ని కెమెరా మీద నుంచి తీయించేశారు. ఎదురుగా కొట్టిన ఫ్లాష్‌లో ముఖం తెల్లగా, చదునుగా వస్తుంది. పెళ్లి ఆల్బమ్‌లలో కళ్లు ఎర్రగా ఉండటం మీరు చూసే ఉంటారు. లెన్స్ పక్కనే ఉన్న ఫ్లాష్ వెలుగు కంటిపాపలోంచి లోపలికి వెళ్లి, కంటి వెనకభాగంలోని రక్తనాళాల ఎరుపుతో నేరుగా లెన్స్‌లోకే తిరిగి వస్తుంది. ఫ్లాష్‌ని లెన్స్‌కి దూరంగా పక్కకి జరిపితే ఆ ఎరుపు పోతుంది. తెల్లటి సీలింగ్ మీదకి తిప్పి కొడితే వెలుతురు మెత్తగా దిగుతుంది. గోడకి రంగుంటే మాత్రం ఆ రంగు కూడా వెంట వస్తుంది. మా స్టాఫ్ రూమ్ ఆకుపచ్చ గోడ దగ్గర ప్రయత్నించి, ముఖాలన్నీ పచ్చగా వచ్చాక ఆ పాఠం ఎవరూ మర్చిపోలేదు.

గేటు దగ్గరుండే వాచ్‌మన్ తాతని ఫొటో తీసిన రోజు నేను కూడా అక్కడే ఉన్నాను. ముందు ఆయన్ని అడిగారు, సరే అన్నాకే వరండాలో కూర్చోబెట్టారు. ఎదురు నుంచి ఫ్లాష్ కొడితే పాస్‌పోర్ట్ ఫొటో వచ్చింది. తర్వాత ఫ్లాష్‌ని ఆయన ఎడమ చెవి ఎత్తులో, బాగా పక్కకి పెట్టారు. నుదుటి మీది ప్రతి గీతకీ ఒక నీడ పడింది, గడ్డం వెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడ్డాయి. కుడి కన్ను మాత్రం చీకట్లో మునిగిపోయింది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు ఫ్లాష్ వెలుతురు తిరిగి ముఖం మీద పడేలా తెల్ల థర్మోకోల్ షీట్ తెచ్చి కుడివైపు పట్టుకుంది. జానెడు దగ్గరికి జరిపేసరికి ఆ కంట్లో చిన్న మెరుపు వచ్చింది. "ఇంక జరపకు, చాలు" అని కెమెరా దగ్గరున్న అబ్బాయి అన్నాడు. ఎక్కడ ఆపాలో వాడికి తెలిసినందుకు నాకు చాలా సంతోషమేసింది. ఆ ప్రింట్ ఇప్పుడు తాత దగ్గరే ఉంది.

చదువుకి ఇది ఏ రకంగా పనికొస్తుందని అడిగినవారికి ఒక సంగతి. వెలుతురు దూరం పెరిగేకొద్దీ తగ్గుతుందని అందరికీ తెలుసు. ఎంత తగ్గుతుంది? చిన్న బల్బు లాంటి వెలుగైతే, దూరం రెట్టింపయితే నాలుగో వంతుకి, మూడు రెట్లయితే తొమ్మిదో వంతుకి పడిపోతుంది. పిల్లలు ల్యాబ్‌లో టార్చ్ పెట్టి, ఫోన్‌లో వెలుతురుని కొలిచే లక్స్ మీటర్ యాప్‌తో 1 మీటర్ దగ్గర, 2 మీటర్ల దగ్గర కొలిచారు. నాలుగో వంతు కన్నా ఎక్కువే వచ్చింది. సూత్రం తప్పేమో అన్నారు. చివరికి ఒక అబ్బాయి తెల్ల గోడల మీద పడి తిరిగొచ్చే వెలుతురు కూడా కలుస్తోందని పట్టుకున్నాడు. చుట్టూ నల్ల గుడ్డలు కట్టి మళ్లీ కొలిస్తే నాలుగో వంతుకి బాగా దగ్గరగా వచ్చింది. గ్రూప్ ఫొటోల్లో ముందు వరస తెల్లబోయి, వెనక వరస నల్లబడటానికి కారణం దూరంతో వెలుతురు ఇలా పడిపోవడమేనని ఆ రోజే తేల్చారు. ఫ్లాష్‌ని వెనక్కి, పైకి తీసుకెళితే రెండు వరసల మీద పడే వెలుతురులో తేడా తగ్గుతుంది.

ఎక్కువ రోజులు పట్టింది పాల చుక్కకి. అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్గర్టన్ 1957లో తీసిన ఫొటోలో పాల చుక్క పడి కిరీటంలా లేస్తుంది. అలాంటిది మనమూ తీద్దామని పిల్లలే పట్టుబట్టారు. స్టీలు ప్లేటులో పలచగా పాలు, పైన డ్రాపర్. గది పూర్తిగా చీకటి చేసి, కెమెరాలోకి వెలుతురుని రానిచ్చే తలుపు లాంటి షట్టర్ తెరిచి ఉంచితే, ఫ్లాష్ మెరిసిన ఆ క్షణమే ఫొటో అవుతుంది. పవర్ బాగా తగ్గించిన ఫ్లాష్ సెకనులో పదివేలవ వంతు మాత్రమే వెలుగుతుంది, కాబట్టి చుక్క గాలిలో ఆగిపోయినట్టు కనబడుతుంది. చుక్క 30 సెంటీమీటర్ల పైనుంచి పడటానికి దాదాపు పావు సెకను పడుతుంది. చూసి బటన్ నొక్కడానికి మనిషికీ దాదాపు అంతే కావాలి. అందుకే మొదట్లో అంతా ఖాళీ ప్లేటు ఫొటోలే. డ్రాపర్ ఎత్తు కొంచెం కొంచెం మార్చుకుంటూ పోయి, చివరికి అంచులు పైకి లేచిన కిరీటం పట్టుకున్నారు. అది ఇప్పుడు ఆఫీసు గది బయట బోర్డు మీద ఉంది, వచ్చినప్పుడు తప్పక చూడండి.

ఇక ముందు జరగబోయేది. వచ్చే రెండో శనివారం సాయంత్రం పిల్లల్ని ఆర్కే బీచ్‌కి తీసుకెళుతున్నాం. మన సముద్రం తూర్పున ఉంది కాబట్టి సాయంత్రం సూర్యుడు మన వెనక కొండల వైపు దిగుతాడు, నీళ్ల మీద ఆకాశం నీలంగా ముదురుతుంది. పక్క నుంచి ఫ్లాష్ పెట్టడానికి అంత మంచి బ్యాక్‌గ్రౌండ్ దొరకదు. ఫ్లాష్‌కి నారింజ రంగు జిలెటిన్ పేపర్ కట్టి, కెమెరాని పసుపు బల్బు సెట్టింగ్‌లో పెడితే ముఖం మామూలు రంగులో ఉంటుంది, ఆకాశం ఇంకా గాఢమైన నీలం అవుతుంది. చీకటి పడేలోపు ముగించి వచ్చేస్తాం. రోడ్డు మీద బండి నడిపేవారి వైపు ఫ్లాష్ కొట్టకూడదని పిల్లలకి గట్టిగా చెప్పాం. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరంలో గుడ్లు పెట్టే నెలల్లో రాత్రిపూట బీచ్‌లో లైట్లు వేస్తే వాటికి, వాటి పిల్లలకి దారి తప్పుతుంది. అందుకని క్లబ్ రాత్రి బీచ్ షూటింగ్ ఎప్పుడూ పెట్టుకోదు.

దయచేసి కెమెరాలు కొనకండి. క్లబ్‌లో ఉన్న రెండు పాత కెమెరాలు, సెకండ్‌హ్యాండ్ ఫ్లాష్‌లు చాలు. ఇంట్లో సాధనకి టార్చ్, తెల్ల చార్ట్, ట్రేసింగ్ పేపర్ సరిపోతాయి. పిల్లలు అడిగితే ఒక పది నిమిషాలు కుర్చీలో కూర్చుని వాళ్లకి మోడల్ అవ్వండి. అంతకన్నా పెద్ద సాయం లేదు. పాడైన ఫ్లాష్ గానీ, ఫ్లాష్ ఉన్న పాత రీల్ కెమెరా గానీ ఇంట్లో ఉంటే పిల్లల్ని విప్పనివ్వకండి. ఆఫ్ చేశాక కూడా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా నిలిచి ఉండవచ్చు. పసిపిల్లల కళ్లకి దగ్గరగా ఫ్లాష్ కొట్టవద్దు.

మీ అబ్బాయికి గానీ అమ్మాయికి గానీ ఫిట్స్ వచ్చిన సందర్భం ఎప్పుడైనా ఉంటే నాకు నేరుగా చెప్పండి. వరసగా మెరిసే వెలుతురు కొందరికి ఫిట్స్ తెప్పించవచ్చు. ఆ పిల్లలకి క్లబ్‌లో వేరే పని, ఎండ వెలుతురుతో ఫొటోలు, ఇప్పటికే సిద్ధంగా ఉంది. బీచ్‌కి పంపే అనుమతి స్లిప్ డైరీలో అంటించాం. సంతకం చేసి శుక్రవారం లోపు క్లాస్ టీచర్‌కి అందేలా చూడండి. ఉప్పుగాలికి కెమెరాలు తుడవడానికి ఒక మెత్తటి పాత కాటన్ గుడ్డ, మంచినీళ్ల బాటిల్ ఇచ్చి పంపండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు,
విశాఖపట్నం