నాణెం మీద ఏం రాసుందో తెలుగులో చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను చూసిన మ్యూజియంలలో చాలాచోట్ల పాత నాణేల పక్కన ‘వెండి నాణెం, అరబిక్ లిపి’ అని చీటీ పెట్టి వదిలేశారు. బొమ్మ ఉన్న నాణెమైతే ఏదోలా సరిపెట్టుకుంటాం, రాత తప్ప ఇంకేమీ లేనిదాన్ని ఎలా చూడాలి?

అరబ్బుల రాజ్యాన్ని ఏలిన ఉమయ్యద్ వంశపు ఖలీఫా అబ్దుల్ మాలిక్ సంగతే తీసుకోండి. 685లో ఆయన గద్దెనెక్కేసరికి మక్కాలో ఇబ్న్ జుబైర్ తానే ఖలీఫానంటున్నాడు, ఆ పోరు 692లో గానీ తీరలేదు. అప్పటికి బజార్లో తిరిగే డబ్బంతా పాత రాజ్యాల అచ్చే. సిరియా వైపు బైజాంటైన్ (తూర్పు రోమన్) బంగారం, ఇరాక్, ఇరాన్ వైపు ఒకపక్క పాత ఇరాన్‌ను ఏలిన ససానియన్ చక్రవర్తి ఖుస్రో ముఖం, రెండోపక్క అగ్నివేదిక ఉన్న వెండి. ఆ వెండి మీదే అంచున ‘బిస్మిల్లా’ (అల్లా పేరిట) అని చేర్చి అరబ్ గవర్నర్లు కొట్టించేవాళ్లు. అబ్దుల్ మాలిక్ మొదట కత్తి పట్టుకుని నిలబడ్డ ఖలీఫా బొమ్మ వేయించాడు, 696-97లో దాన్నీ తీసేసి రాత మాత్రమే ఉన్న దీనార్ తెచ్చాడు, 4.25 గ్రాముల బంగారం. ఒకట్రెండేళ్లలో వెండి దిర్హమ్ కూడా అలాగే మారింది.

ఆ దిర్హమ్ 3 గ్రాములు కూడా తూగదు. మధ్యలో మూడు వరసల్లో ‘అల్లా తప్ప దేవుడు లేడు, ఆయన ఒక్కడే, ఆయనకు భాగస్వామి లేడు’ అని, చుట్టూ ఏ ఊళ్లో ఏ ఏడాది కొట్టారో ఉంటుంది, అదీ అంకెల్లో కాదు, అక్షరాల్లో. ఖలీఫా పేరు మాత్రం ఎక్కడా లేదు! అంత పోరాడి రాజ్యం దక్కించుకున్నవాడు తన పేరు వేసుకోకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. దమాస్కస్, బస్రా, వాసిత్... ఇలా ఊరి పేర్లు చదువుకుంటూ పోతే ఆయన పాలన ఎంతదూరం పాకిందో కళ్లకు కడుతుంది. చదివి చెప్పేవాళ్లు లేకపోతే అదొక తెల్లటి బిళ్ల, అంతే.

ఇది అరబ్బుల గొడవ మనకెందుకు అనుకోవద్దు. గోల్కొండ కుతుబ్‌షాహీల రాగి నాణేలూ రాతవే. 1857 తిరుగుబాటు దాకా నిజాం రూపాయి మీద ఉన్నది ఢిల్లీ పాదుషా పేరు, చదివితే గానీ ఆ విషయం తెలియదు కదా.

ఉస్మానియాలో అరబిక్, పర్షియన్ శాఖలు ఉన్నాయి. పురావస్తు శాఖ వాళ్లతో మాట్లాడి ప్రతి నాణెం పక్కన పెద్ద ఫొటో, తెలుగు అర్థం, టంకశాల పేరు, ఏడాది పెట్టించాలి. అన్నీ ఒక్కసారే కుదరకపోతే ముందు బయట ప్రదర్శనలో ఉన్నవాటితో మొదలుపెట్టమనండి.

– ఒక చరిత్ర ఉపాధ్యాయుడు, వరంగల్