చౌటుప్పల్ అయస్కాంత వేధశాల పరిసరాలను కాపాడాలి

సంపాదకులకు,

అయ్యా,

విజయవాడ రహదారి వెంట చౌటుప్పల్ చుట్టుపక్కల పరిశ్రమలు, లేఅవుట్లు పెరుగుతున్నాయి. రీజినల్ రింగ్ రోడ్డు కూడా ఆ పట్టణం మీదుగానే వెళ్లనుంది. అక్కడ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వారి అయస్కాంత వేధశాల, అంటే భూమి అయస్కాంత క్షేత్రంలోని మార్పులను కొలిచే కేంద్రం, ఉన్న సంగతిని ప్రణాళికలు గీసే అధికారుల దృష్టికి తేవాలన్నదే ఈ లేఖ ఉద్దేశం.

2024 మే నెలలో లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబడినప్పుడు పత్రికలన్నీ సౌర తుపాను గురించి రాశాయి. అటువంటి మహా తుపానులు అరుదు. వాటికన్నా చిన్నవైన ఉపతుపానులు మాత్రం తరచుగా వస్తూనే ఉంటాయి. సౌర పవనం (సూర్యుడి నుంచి వీచే విద్యుదావేశ కణాల ప్రవాహం) మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగినప్పుడు భూమి క్షేత్రరేఖలు దానితో కలిసి, రాత్రివైపు చాచుకొని ఉన్న అయస్కాంతావరణపు (భూమి అయస్కాంత క్షేత్రం ఆవరించిన ప్రాంతపు) తోకలోకి లాగబడతాయి. అక్కడ శక్తి పోగుపడుతున్న కొద్దీ రేఖలు సాగుతాయి, వాటి నడుమనున్న ప్లాస్మా (విద్యుదావేశ కణాల వాయువు) పొర పలచబడుతుంది. చివరికి, భూమికి లక్ష కిలోమీటర్లకు పైబడిన దూరంలో, ఎదురెదురు దిశల రేఖలు తెగి మళ్లీ అతుక్కుంటాయి. ఇవతలి రేఖలు లాగి వదిలిన వింటినారిలా భూమివైపు ముడుచుకొని, వేడెక్కిన ప్లాస్మాను భూస్థిర కక్ష్యదాకా తోసుకొస్తాయి; అవతలి ప్లాస్మా ముద్దగా తోక వెంట దూరంగా వెళ్లిపోతుంది. ఆ నిమిషాల్లోనే ధ్రువప్రాంతాల పై వాతావరణంలో లక్షల ఆంపియర్ల విద్యుత్తు పారుతుంది. 1989 మార్చి 13న కెనడాలోని క్వెబెక్‌లో 60 లక్షల మందిని 9 గంటలు చీకట్లో ఉంచింది ఇటువంటి ప్రవాహాల ఉద్ధృతే.

ఇంత దూరాన జరిగేదాని ఆనవాలు తెలంగాణ నేలమీద కూడా దొరుకుతుంది. ఉపతుపాను మొదలైన క్షణాన మన అక్షాంశాల్లో 40 నుంచి 150 సెకన్లకొకసారి వచ్చిపోయే సన్నని స్పందనలు భూమి అయస్కాంత క్షేత్రంలో కనిపిస్తాయి. హైదరాబాద్ ప్రాంతంలో ఆ క్షేత్రపు క్షితిజ సమాంతర భాగం దాదాపు 40,000 నానోటెస్లాలు (నానోటెస్లా అంటే అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం). ఈ స్పందన చాలాసార్లు ఒక్క నానోటెస్లా కూడా ఉండదు. పరికరం పక్కనుంచి ఒక లారీ వెళ్తే చాలు, అది కలిసిపోతుంది. సూర్యుడివైపు 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉన్న ఆదిత్య ఎల్1 రాబోయే పవనాన్ని కొలుస్తుంది గానీ, భూమి వెనుక తోకలో ఏం జరిగిందో చెప్పలేదు. ఉపతుపానులను పరిశీలించడానికి 2007లో నాసా పంపిన ఐదు థెమిస్ ఉపగ్రహాలకు సైతం నేలమీది కేంద్రాల తోడు కావలసి వచ్చింది.

ఈ విషయంలో మనకు మంచి పూర్వానుభవమే ఉంది. 1859 నాటి మహా తుపానును నమోదు చేసిన ముంబయి కొలాబా వేధశాలకు విద్యుత్ ట్రాముల బెడద రానున్నదని గ్రహించి, అలీబాగ్‌లో 1904 నుంచి కొలతలు మొదలుపెట్టారు. రెండేళ్లు రెండు చోట్లా కొలిచి, పాత కొలతల వరుసకు కొత్తదాన్ని జతచేశారు. ఉప్పల్ రోడ్డులోని ఎన్‌జీఆర్‌ఐ ఆవరణలో 1964లో మొదలైన వేధశాల చుట్టూ కూడా ఇప్పుడు నగరమే. చౌటుప్పల్‌కు అదే గతి పడితే మళ్లీ ఎక్కడికి వెళ్లాలి?

అభివృద్ధిని ఆపమని నేను కోరడం లేదు. వేధశాల చుట్టూ ఎంత దూరం వరకు భారీ ఇనుప కట్టడాలు, హై టెన్షన్ లైన్లు, రద్దీ రోడ్లు రాకూడదో ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలనే అడిగి, ఆ హద్దును యాదాద్రి భువనగిరి జిల్లా భూ వినియోగ పటంలో గుర్తించాలి. లేఅవుట్లకు అనుమతులిచ్చే ముందే ఆ పని జరగాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
హబ్సిగూడ, హైదరాబాద్