విశాఖకు వచ్చిపోయేవారికి ఒక్కరోజు జిమ్ దొరకదా?

సంపాదక మహాశయులకు,

నేను హనుమకొండ వాసిని. ఆడిట్ పని మీద నెలకొకసారి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖపట్నం వస్తుంటాను. డాబా గార్డెన్స్ వైపు ఒక లాడ్జిలో నాలుగైదు రోజులు ఉండి వెళ్తాను. నాకు మధుమేహం బయటపడినప్పుడు మా డాక్టరు గారు నడకతో సరిపెట్టుకోవద్దని, వారానికి రెండు రోజులైనా బరువులు ఎత్తి తీరాలని గట్టిగా చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచిస్తున్నది కూడా ఇదే: వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం. ఇందులో నడక సంగతికి విశాఖలో లోటు లేదు. తెల్లవారుజామున వాహనాలు ఆపేసిన బీచ్ రోడ్డు మీద నడవడం కంటే హాయి మరొకటి ఉండదు. చిక్కంతా రెండో భాగంతోనే వచ్చింది.

మొదటిసారి వెళ్ళిన జిమ్‌లో కౌంటరు దగ్గర కూర్చున్న కుర్రవాడు, “డే పాస్ లేదండి, మూడు నెలల ప్యాకేజీ తీసుకోండి, ఆఫర్ నడుస్తోంది” అన్నాడు. నాలుగు రోజుల్లో ఊరు విడిచి వెళ్ళేవాడికి మూడు నెలల ఆఫర్ ఎందుకని అడిగితే, అడ్మిషన్ ఫీజు మాత్రం మాఫీ చేస్తానన్నాడు. మరోచోట ఒక్కరోజుకు 500 రూపాయలు తీసుకుని లోపలికి పంపారు. బిల్లు అడిగితే ఫోన్‌లో డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ చాలదా అని ఎదురు ప్రశ్న వేశారు. జిమ్ సేవలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం కాస్తా 5 శాతానికి దిగిందన్న సంగతి అడిగేవారికి, చెప్పేవారికి అక్కడ పట్టినట్టు కనిపించలేదు. లెక్కలు చూసేవాణ్ణి కనుక ఈ ఒక్క మాట రాయకుండా ఉండలేకపోయాను.

ఆ 500 రూపాయలకు దొరికినదేమిటో కూడా చెప్పాలి. కిటికీలన్నీ బిగించి ఉన్నాయి, ఏసీ సాయంత్రం ఆరు దాటాకే వేస్తారట, మూలన ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోంది. మా హనుమకొండలో మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటినా గాలి పొడిగా ఉంటుంది కనుక పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోయి ఒళ్ళు చల్లబడుతుంది. ఇక్కడ 34 డిగ్రీలకే గాలి నిండా తేమ ఉండడం వల్ల చెమట కారుతుందే తప్ప ఆరదు, ఒంట్లో వేడి ఒంట్లోనే నిలిచిపోతుంది. ఇరవై నిమిషాలకే నాకు కళ్ళు తిరిగి బెంచీ మీద కూలబడ్డాను. ఇక బార్‌బెల్ పట్టుకుంటే అరచేతికి ఇటుక రంగు తుప్పు అంటింది. ప్లేట్ల మీద అంకెలు తుప్పుకు చెరిగిపోయి, ఏది 10 కిలోలో ఏది 7.5 కిలోలో చేతితో తూచి తెలుసుకోవలసి వచ్చింది. ఒకవైపు బరువు ఎక్కువై రాడ్ ఒరిగితే నడుము పట్టేయడానికి క్షణం చాలు.

తుప్పు పట్టడం తప్పు కాదు, సముద్రపు ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టక మానదు. పట్టకుండా చూసుకునే ఉపాయం ఉందని మాత్రం మూడో ప్రయత్నంలో తెలిసింది. లాడ్జికి రెండు వీధుల అవతల, మేడ మెట్లు ఎక్కి వెళ్ళే చిన్న జిమ్ అది. నడిపే పెద్దాయన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, వయసులో ఉన్నప్పుడు వెయిట్‌లిఫ్టింగ్ చేసినవారు. రోజుకు 150 రూపాయలు తీసుకుని రసీదు రాసిచ్చారు. “బీపీ, షుగరు ఏమైనా ఉన్నాయా బాబూ?” అని అడిగాకే బరువులు ముట్టుకోనిచ్చారు. రాత్రి తలుపులు మూసేముందు ఆయన స్వయంగా నూనె గుడ్డతో రాడ్‌లన్నీ తుడవడం చూశాను. ప్లేట్లకు రబ్బరు తొడుగులున్నాయి, ఎదురెదురు కిటికీలు తెరిచి ఉన్నాయి, మూలన మంచినీళ్ళ కుండ, దాని పక్కనే ఉప్పు డబ్బా పెట్టి ఉన్నాయి. మధుమేహం ఉంది కనుక గ్లూకోజు వద్దని, నీళ్ళు మాత్రం మధ్యమధ్య తాగమని కూడా ఆయనే చెప్పారు.

కలియుగ భీముడని పేరుపడిన కోడి రామమూర్తి నాయుడు గారు ఈ ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టినవారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి గారిది శ్రీకాకుళం జిల్లా. విజయనగరం దగ్గరి కొండవెలగాడలో బరువులెత్తని ఇల్లు అరుదని చెప్పుకుంటారు. ఇటువంటి సీమకు పెద్ద పట్నమైన విశాఖలో, ఒక గంట బరువులెత్తుకుంటానని డబ్బు చేతబట్టుకుని వచ్చినవాడు మూడు వీధులు తిరగవలసి రావడం నాకు వింతగా తోచింది. “సముద్రం ఉందిగా సార్, ఈదండి” అని లాడ్జి కుర్రాడు సలహా ఇచ్చాడు కానీ, ఒడ్డు నుంచి సముద్రం లోపలికి లాగేసే ప్రవాహాల సంగతి తెలిసినవారెవరూ ఆర్కే బీచ్‌లో ఆ పని చేయరు.

నాతో వచ్చే మహిళా ఉద్యోగుల పాట్లు ఇంకా ఎక్కువ. లేడీస్ బ్యాచ్ పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి వరకని చాలాచోట్ల చెప్పారట. సరిగ్గా అవే ఆఫీసు వేళలు. ఉదయం ఆరింటికి ఒక గంట వారికి కేటాయిస్తే పోయేదేముంది?

కనుక జిమ్ యజమానులకు, పర్యాటక శాఖ వారికి మీ పత్రిక ద్వారా ఒక మనవి. ఒక్కరోజు రుసుము, వారం రుసుము, మహిళల వేళలు, ఏసీ వేసే వేళలు రాసిన బోర్డు ప్రతి జిమ్ గుమ్మం దగ్గర వేలాడదీయించండి. అవే వివరాలున్న కాగితం లాడ్జి రిసెప్షన్‌లో భోజన హోటళ్ళ చీటీల పక్కన ఉంచితే మాబోటి వాళ్ళకు వీధులు తిరిగే పని తప్పుతుంది. ముక్కూ మొహం తెలియనివారు వచ్చి యంత్రాలు పాడుచేస్తారని, దెబ్బ తగిలించుకుంటే మా మీదికి వస్తుందని యజమానులు అంటున్నారు. ఆ భయాన్ని నేను కాదనను. లాడ్జివారు తీసుకున్నట్టే గుర్తింపు కార్డు నకలు తీసుకోవచ్చు, కొంత డిపాజిట్ కట్టించుకోవచ్చు, అనారోగ్యం వివరాలు రాయించుకుని సంతకం పెట్టించుకోవచ్చు. ఆ మేడ మీది పెద్దాయన ఈ మూడూ ఒక నలభై పేజీల నోటుపుస్తకంతో కానిచ్చేస్తున్నారు.

ఇట్లు,
తరచు విశాఖ వచ్చిపోయే ఒక ఆడిటర్,
హనుమకొండ