కన్సోల్ విప్పినవాళ్లంతా దొంగలేనా?

సంపాదకుడు గారికి,

పోయిన వారం గేమ్ కన్సోళ్ల మాడింగ్ మీద, అంటే కంపెనీ వేసిన తాళం దాటేలా ఆటల పెట్టెను మార్చుకోవడం మీద, మీరు వేసిన వార్త చదివి ఊరుకుందామనుకున్నాను గానీ ఉండబట్టక రాస్తున్నాను. మూత విప్పిన ప్రతివాడూ పైరసీ దొంగేనని మీ విలేకరి తేల్చేశారు. కంపెనీల వాదన తప్ప రెండో పక్క మాట ఒక్క ముక్క లేదు.

కాపీలతో సొమ్ము చేసుకున్నవాళ్లు లేరని నేననను. నింటెండో స్విచ్ తాళం దాటే పరికరాలు అమ్మిన ముఠా సభ్యుడికి 2022లో అమెరికాలో 40 నెలల జైలు పడింది. పడాల్సిందే. కానీ మొత్తం కథ అదేనా?

సోనీ మొదటి ప్లేస్టేషన్‌నే తీసుకోండి. డిస్క్ లోపలి భాగంలో గాడిని కావాలనే సన్నగా వంకరలు తిప్పి, అందులో నాలుగు అక్షరాల కోడ్ దాచారు. జపాన్‌కి ఒకటి, అమెరికాకి ఒకటి, యూరప్‌కి ఒకటి. కోడ్ కలవకపోతే కన్సోల్ ఆ డిస్క్‌ని ఆడించదు. మామూలు సీడీ రైటర్ ఆ వంకరల్ని రాయలేదు. కన్సోల్ లోపల తగిలించే మాడ్ చిప్ చేసే పనల్లా ఆ అక్షరాల్ని తానే కన్సోల్‌కి అందించడం, నాలుగైదు వైర్లు సోల్డర్ చేస్తే అయిపోయేది. దాంతో కాపీ డిస్కులు ఆడాయి, నిజమే. పూర్తి డబ్బు పెట్టి వేరే దేశంలో కొన్న అసలు డిస్కులు కూడా ఆడాయి, మరి అదేం దొంగతనం? అప్పటి చట్టం ప్రకారం అలాంటి చిప్‌లు అమ్మడం తప్పు కాదని ఆస్ట్రేలియా హైకోర్టు 2005లో సోనీకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. మీ వార్తలో దాని ఊసే లేదు.

ప్లేస్టేషన్ 3లో లైనక్స్ అనే కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవచ్చని సోనీయే చెప్పి అమ్మింది. 2010 ఏప్రిల్ 1న ఒక అప్‌డేట్‌తో అది పీకేసింది. అప్‌డేట్ వద్దంటే ఆన్‌లైన్ ఆటలు బంద్. ఆ డిసెంబరులోనే ఫెయిల్ ఓవర్‌ఫ్లో అనే హ్యాకర్ల బృందం ఆ కన్సోల్ తాళం గుట్టు విప్పింది. ప్రోగ్రామ్ అసలైనదేనని డిజిటల్ సంతకం చేసిన ప్రతిసారీ మారాల్సిన ర్యాండమ్ నంబర్‌ని సోనీ మార్చకుండా వాడిందని, అందుకే రహస్య కీ లెక్కకట్టి బయటికి లాగొచ్చని నిండు సభలో చూపించింది. దీనికి ముందు జనం చేతిలోంచి ఏం లాక్కున్నారో రాయకుండా హ్యాకింగ్ ఒక్కటే రాస్తే ఎలాగండీ?

ఇప్పుడు డిస్కులు కూడా తగ్గిపోయి అంతా లైసెన్సే, అంటే ఆట మనది కాదు, ఆడుకునే అనుమతి మాత్రమే. 2024 మార్చి 31న యుబీసాఫ్ట్ కంపెనీ సర్వర్లు ఆపేసరికి ‘ద క్రూ’ అనే కార్ల ఆట డిస్క్ కొన్నవాళ్లకీ ఆట లేకుండా పోయింది. నేను కొన్న ఆట కూడా ఒకటి అకౌంట్‌లో కనిపిస్తుంది, నొక్కితే లైసెన్సు నిర్ధారించలేకపోయామంటుంది. కస్టమర్ కేర్‌కి ఎన్నిసార్లు రాసినా అతికించిన జవాబే.

అధికారులైనా పట్టించుకుంటారా అంటే అదీ లేదు. కన్సోల్‌లో చెడిపోయిన డిస్క్ డ్రైవ్ బాగుచేసుకోవడానికి తాళం దాటొచ్చని అమెరికా కాపీరైట్ ఆఫీసు 2021లో ఒప్పుకుంది. అందుకు కావలసిన పరికరం అమ్మితే మాత్రం ఇప్పటికీ నేరమే. ఇంక ఆ అనుమతి ఎవరికి పనికొస్తుంది? మార్కెట్లో దొరకని పాత ఆటల్ని లైబ్రరీలు పరిశోధకులకు ఆన్‌లైన్‌లో చూపించడానికి అడిగితే 2024లో దానికీ కాదన్నారు. కొన్నవాడి తరఫున ఆలోచించే ఆఫీసు ఒక్కటీ కనబడదు. పత్రికలు కూడా అదే దారి పడితే మేం ఎవరితో చెప్పుకోవాలి?

మీ విలేకరిని ఈసారి కంపెనీలనే సూటిగా అడగమనండి: సర్వర్ ఆపే రోజున, అమ్మిన ఆటలకు వేసిన తాళం తీసి వెళ్తారా, వెళ్లరా? వాళ్లేం చెప్పినా, ఆ వార్త వేసిన పేజీలోనే వేయండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు