ఓడ దిగిన నూనెకు ఊరూ పేరూ ఉండాలి: ఎఫ్ఎస్ఎస్ఏఐ చైర్‌పర్సన్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) చైర్‌పర్సన్ గారికి,

నమస్కారం. మాది కాకినాడ దగ్గర ఒక చిన్న ఊరు. ఇరవై ఏళ్లుగా జంతికలు, చేగోడీలు, అరిసెలు చేసి అమ్ముకుంటున్నాను. ఏడాదికి 100 రూపాయలు కట్టి తీసుకున్న మీ రిజిస్ట్రేషన్ కాగితం, 14 అంకెల నంబరుతో సహా, మా వంటింటి గోడకే ఉంది. మీకు తెలుగు రాకపోవచ్చు. చదివి చెప్పేవాళ్లు మీ కార్యాలయంలో ఉంటారని నమ్ముతున్నాను. ఈ మాటలు ముందుగా నాలాగా పొయ్యి దగ్గర నిలబడేవాళ్లకు చేరాలని తెలుగులోనే రాస్తున్నాను.

నా బాధ నూనె గురించి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైంది. మన ఇళ్లలో వాడే సన్‌ఫ్లవర్ నూనెలో ఎక్కువ భాగం అప్పటిదాకా అక్కడినుంచే వచ్చేది. వారం తిరిగేసరికి మా కొట్లో ధర మారిపోయింది. ఏప్రిల్ నెలాఖరున ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది, మే 23 దాకా మళ్లీ వదల్లేదు. ఎక్కడో సముద్రాలవతల జరిగినదానికి మా మూకుడులో నూనె మట్టం తగ్గింది. ఆ ఏడాది నేను మామూలుగా కొనే సీలు డబ్బా మానేసి, కొంచెం చవకగా వస్తోందని విడి సన్‌ఫ్లవర్ నూనె కొనడం మొదలుపెట్టాను.

సంక్రాంతి ముందు రోజులు. తెల్లవారుజామున అరిసెలు మొదలుపెడదామని డబ్బా మూత తీశాను. పైన నూనె తేరుకుని ఉంది, అడుగున సగం దాకా తెల్లగా నెయ్యిలా పేరుకుని ఉంది. సన్‌ఫ్లవర్ నూనె మా ఊరి చలికి పేరుకోదు. ఫ్రిజ్‌లో పెట్టినా పేరుకోదు. పామాయిల్‌నుంచి తీసే పామోలిన్ పేరుకుంటుంది. నేను కొన్నది ఏమిటో ఆ చలి చెప్పింది. అప్పటికే ఆ డబ్బా నూనెతో చేసిన జంతికలు సగం అమ్ముడుపోయాయి. "ఏ నూనెమ్మా?" అని అడిగిన ప్రతివాళ్లకూ సన్‌ఫ్లవర్ అని చెప్పి అమ్మాను. కల్తీ చేసింది నేను కాదు. అబద్ధం మాత్రం నా నోటినుంచే వెళ్లింది. అది నన్ను ఇప్పటికీ తొలుస్తూనే ఉంది.

ఒక సీసాలో ఆ నూనె పోసుకుని పరీక్ష చేయించమని ఒక కార్యాలయానికి వెళ్లాను. నమూనాలు తామే తీస్తామని, బయటివాళ్లు తెచ్చినవి తీసుకోమని చెప్పి పంపేశారు. ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ ప్రకారం, సరుకు కొన్నవాళ్లెవరైనా రుసుము కట్టి ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చని నాకు తర్వాత తెలిసింది. ఆ మాట ఆ కార్యాలయంలో ఎవరూ చెప్పలేదు. ప్రైవేటు ల్యాబులో అడిగితే చెప్పిన ఖర్చు డబ్బా నూనె ఖరీదు కన్నా ఎక్కువ. ఇంటికి వచ్చేశాను.

పామోలిన్ విషమని నేను అనడం లేదు. మా తరం రేషన్ షాపు ముందు పామోలిన్ కోసం వరసలో నిలబడి పెరిగింది. 2013లో అమ్మహస్తం పథకం కింద 185 రూపాయలకు ఇచ్చిన తొమ్మిది సరుకుల్లోనూ పామాయిల్ ఉంది. పేదవాడి కూరలో తాలింపు వేసిన నూనె అది. పామోలిన్ అని చెప్పి అమ్మితే కొనుక్కుంటాం. ఇంకో పేరు పెట్టి అమ్మడమే తప్పు. ఆ పేరు ఎక్కడ పోతోందో వెతుక్కుంటూ వెళితే నాకు మీ నియమాలే ఎదురయ్యాయి.

అన్నం, కూరగాయలు, పాలు మన దేశం తనకు తాను పండించుకుంటుంది. నూనె విషయంలో మాత్రం మనం పక్కా దిగుమతి దేశం. వాడుకునేదాంట్లో సగానికి పైగా బయటిదే, ఏటా దాదాపు 160 లక్షల టన్నులు. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాలది. సోయా అర్జెంటీనా, బ్రెజిల్‌లది. సన్‌ఫ్లవర్ రష్యా, ఉక్రెయిన్‌లది. 1986లో నూనెగింజల మిషన్ పెట్టాక 1990ల మొదట్లో దాదాపు మన కాళ్ల మీద మనం నిలబడ్డాం. 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తీశాక ఆ రోజులు పోయాయి. మా అమ్మ వాడిన పప్పునూనె, గానుగ ఆడించిన వేరుశనగ నూనె ఇప్పుడు పండగ సరుకులు. దేశంలో ఆయిల్ పామ్ గెలల్లో చాలాభాగం మన రెండు తెలుగు రాష్ట్రాలే పండిస్తున్నాయి, 2021లో కేంద్రం 11,040 కోట్లతో మిషన్ కూడా పెట్టింది. మొక్క నాటాక గెల కోతకు రావడానికి నాలుగేళ్లు పడుతుంది. ఈలోగా మనం తినేది ఓడల్లో వచ్చిందే.

ఆ ఓడలు మా కాకినాడకూ, నెల్లూరు జిల్లా కృష్ణపట్నానికీ వస్తాయి. ముడి నూనెను పైపుల్లో ట్యాంకులకు ఎక్కిస్తారు. కాకినాడ పక్కన వాకలపూడి వైపు వెళితే రిఫైనరీలు వరసగా కనిపిస్తాయి. 2017 దిగుమతి నియమాల ప్రకారం మీ అధికారులు కాగితాలు చూస్తారు, సరుకు చూస్తారు, అవసరమైతే నమూనా తీసి ల్యాబుకు పంపుతారు. ప్రతి సరుకునూ పరీక్షించరు, ప్రమాదం ఎంత ఉందో లెక్కగట్టి కొన్నిటిని ఎంచుకుంటారు. అన్ని ఓడలను ఆపి పరీక్షిస్తే ధర ఎక్కడికి పోతుందో నాకూ తెలుసు. దాన్ని తప్పు పట్టను. తిప్పి పంపిన సరుకుల వివరాలు చెప్పడానికి ఫైరా అనే పోర్టల్ తెచ్చారు. అదీ మంచి పనే.

కానీ రేవులో తీసిన నమూనా ముడి నూనెది. మేం తినేది రిఫైన్ చేసిన నూనె. వాసన పోగొట్టడానికి నూనెను 200 డిగ్రీలు దాటించి వేడిచేసినప్పుడు గ్లైసిడిల్ ఎస్టర్లు, 3-ఎంసీపీడీ ఎస్టర్లు అనే ఒంటికి మంచివి కాని పదార్థాలు పుడతాయి. పామాయిల్‌లో ఇవి ఎక్కువ. యూరప్ 2018లో మొదటిదానికీ, 2021 నుంచి రెండోదానికీ పరిమితులు పెట్టింది. ఓడ దగ్గర ఎంత బాగా పరీక్ష చేసినా ఇవి దొరకవు, ఎందుకంటే అప్పటికి ఇంకా పుట్టలేదు. రిఫైనరీ గేటు దగ్గర తీసిన నమూనాల్లో ఇవి ఎంతున్నాయో జనం ముందు పెట్టండని అడుగుతున్నాను.

ఇక లేబుల్. దిగుమతి చేసిన తిండి మీద అది పుట్టిన దేశం పేరు ఉండాలి. అయితే ఆ పదార్థం రూపం మారేలా ఇంకో దేశంలో తయారీ జరిగితే, ఆ రెండో దేశాన్నే పుట్టిన దేశంగా రాయాలన్నది నియమం. ఫలితం ఏమిటంటే, ముడి నూనె మలేషియాలో పిండిందైనా వాకలపూడిలో రిఫైన్ అయి ప్యాకెట్లోకి ఎక్కేసరికి మలేషియా మాట మాయమవుతుంది. మేం చూసే ప్యాకెట్ మీద మన ఊళ్ల పేర్లే ఉంటాయి. యుద్ధం వచ్చినప్పుడు, ఎగుమతులు ఆగినప్పుడు ఏ నూనె అటూ ఇటూ మారుతుందో కొనేవాళ్లు పసిగట్టాలంటే ముడి నూనె ఏ దేశానిదో తెలియాలి. ఒక్క వరుస చాలు: "ముడి నూనె వచ్చిన దేశం" అని. కనిపించే అక్షరాల్లో, తెలుగులో.

ప్యాకెట్ కొనేవాళ్లకు ఆ వరుసైనా అందుతుంది. మా వీధిలో ఇళ్లలో పనిచేసుకునే ఒక పిన్నిగారు ఏ పూటకాపూట ఇరవై రూపాయల నూనె కొంటారు. కొట్లో డ్రమ్ము ఉంటుంది, డ్రమ్ముకు చేతిపంపు. ఆవిడ తెచ్చిన సీసాలో పోస్తారు. ఆ నూనెకు లేబుల్ లేదు, తేదీ లేదు, తయారు చేసినవాళ్ల పేరు లేదు. మీ సంస్థ రాసిన ఏ నియమమూ ఆ సీసా దాకా రాదు.

విడి నూనె అమ్మకూడదన్న ఆజ్ఞ కొత్తది కాదు. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి, కాళ్లు వాచి, 60 మందికి పైగా చనిపోయారు. ఆ వెంటనే నూనెలు ప్యాక్ చేసి మాత్రమే అమ్మాలని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. 2011 నియమాల్లోనూ ఆ మాట ఉంది. కానీ ప్రజాప్రయోజనం పేరుతో రాష్ట్రాలు గెజిట్‌లో ప్రకటించి మినహాయింపు ఇచ్చుకోవచ్చన్న సందు కూడా ఉంది. రెండు నూనెలు కలిపి అమ్మాలంటే ఒక్కొక్కటి కనీసం 20 శాతం ఉండాలి, ఏది ఎంతో డబ్బా మీద రాయాలి, విడిగా అసలు అమ్మకూడదు. నా డబ్బాలో పేరుకున్న నూనె ఈ నియమాలన్నీ ఉండగానే నా ఇంటికి వచ్చింది.

వేయించిన నూనెలో, మళ్లీ మళ్లీ కాగితే పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే పారబోయాలని 2018 జూలై 1 నుంచి మీరు అన్నారు. నేను పాటిస్తాను. రంగు మారి, నురగ కడితే ఆ నూనె మళ్లీ మూకుడెక్కదు. మరి డ్రమ్ములోంచి నా దగ్గరికి వచ్చిన నూనె అంతకుముందే ఎవరి పొయ్యి మీద ఎన్నిసార్లు కాగిందో నాకు ఎవరు చెబుతారు?

దిగుమతి, రిఫైనింగ్, విడి అమ్మకం ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో 1981లో స్పెయిన్ చూసింది. ఫ్రాన్స్ నుంచి పరిశ్రమల కోసం రేప్‌సీడ్ నూనె తెప్పించారు. మనుషులు తినకుండా దాంట్లో అనిలీన్ అనే రసాయనం కలిపారు. కొందరు దాన్ని మళ్లీ శుద్ధి చేసి, పేరు లేని ప్లాస్టిక్ క్యాన్లలో వీధివీధికీ తిరిగి వంటనూనెగా అమ్మారు. 20,000 మందికి పైగా జబ్బుపడ్డారు, వందలమంది చనిపోయారు. కొన్నవాళ్లు ఎక్కువగా శ్రామికవాడల్లోని పేదలు. మన రేవులకు కూడా తినే నూనెలతోపాటు సబ్బుల ఫ్యాక్టరీలకు పోయే పామ్ స్టియరిన్, ఫ్యాటీ యాసిడ్లు వస్తాయి. అవి దిగినచోటు నుంచి సబ్బు అయ్యేదాకా టన్ను టన్నుకూ లెక్క ఉండాలి. 2025 ఆగస్టులో కేంద్రం నూనెల ఉత్పత్తి, దిగుమతి, నిల్వల వివరాలు నెలనెలా చెప్పాలని ఉత్తర్వు ఇచ్చింది. అది ధరల కోసం. అదే లెక్క మీ చేతికీ వస్తే, తినకూడని నూనె ఎంత వచ్చింది, ఎంత సబ్బయింది, మిగిలిందెక్కడ అని అడగగలుగుతారు.

ఇంకో దేశం సంగతి చెప్పనివ్వండి. సింగపూర్ తినే తిండిలో 90 శాతానికి పైగా దిగుమతే. 2024 ఏప్రిల్‌లో మన దేశంనుంచి వెళ్లిన మసాలా పొడిలో ఇథిలీన్ ఆక్సైడ్ అనే పురుగుమందు ఉందని హాంకాంగ్ చెప్పగానే, సింగపూర్ ఆ సరుకును వెనక్కి తీసుకోమని ఆదేశించి, ఏ పొడో, ఏ కంపెనీదో పేరు పెట్టి ప్రకటించింది. పక్కదేశాలమీద ఆధారపడి బతికే ఊరు కాబట్టే తన జనానికి దాచకుండా చెప్పింది. ఆ వార్త చదివినప్పుడు మన సరుకు తిరిగొచ్చిందన్న బాధ కన్నా, నా డ్రమ్ము నూనె గురించి నాకు అలా చెప్పేవాళ్లు లేరన్న దిగులే నాకు ఎక్కువైంది.

కిరాణా కొట్టువాళ్ల మీద దాడులు చేయమని నేను అడగడం లేదు. వాళ్లకీ ఆ డ్రమ్ములో ఏముందో తెలియదు, టోకు వ్యాపారి చెప్పిన పేరే చెబుతారు. జరిమానా వేస్తే కొట్టు మూతపడుతుంది, పిన్నిగారికి ఆ పూట నూనె ఉండదు. విడి నూనె పోవాలంటే దాని స్థానంలో ఇరవై రూపాయలకు దొరికే సీలు ప్యాకెట్ ఉండాలి. ఇప్పుడు చిన్న ప్యాకెట్‌కు కిలో లెక్కన ఎక్కువ పడుతోంది, అందుకే డ్రమ్ము గెలుస్తోంది. ఆ తేడాను భరించేది ఎవరో రాష్ట్రాలతో, రిఫైనరీలతో కూర్చుని తేల్చండి. ఓడల మీద వచ్చే సుంకంలోంచి ఒక చిన్న వాటా దీనికి పెట్టమని ఆర్థిక శాఖను అడగండి. అలా ప్యాకెట్ దొరికిన రోజున మినహాయింపు సందు మూసేయండి. అంతకుముందు మూస్తే మళ్లీ చీకటి వ్యాపారమే.

నాలాంటివాళ్లు సీసా పట్టుకుని వస్తే తీసుకోమని, 40వ సెక్షన్ కింద రుసుమెంతో గోడ మీద తెలుగులో రాయించమని ప్రతి జిల్లాకూ ఒక కాగితం పంపండి. అది ఈ వారమే చేయగలిగిన పని.

వచ్చే సంక్రాంతికి ముందు, చలి బాగా ఉన్న ఒక తెల్లవారుజామున, మీ అధికారిని ఒకరిని మా జిల్లాలో ఏదో ఒక సంతకు పంపండి. పది డ్రమ్ముల పంపుల కింద పది సీసాలు పట్టించండి. ఫలితాలు వచ్చాక ఏ డ్రమ్ములో ఏ నూనె ఉందో ఆ సంతలోనే బోర్డు మీద పెట్టించండి. పదకొండో సీసా నా డబ్బాలోంచి నేనే నింపి ఇస్తాను.

ఇట్లు,
పిండివంటలు చేసి అమ్ముకునే ఒక గృహిణి,
కాకినాడ జిల్లా