వరద వార్త పక్కన నది పాత దారినీ చూపండి

సంపాదకులకు,

నమస్కారం. వరదల వార్తల్లో నీటిమట్టాలు, నష్టాలు వివరంగా వస్తున్నాయి. మునిగిన ఆ నేలను పరిచింది నదేనన్న సంగతి మాత్రం ఎక్కడా కనిపించదు.

నది మలుపు దగ్గర నిలబడి చూడండి. బయటి ఒడ్డున నీరు వేగంగా ఒరుసుకుపోతుంది. గట్టు అడుగు కోసుకుపోయి, పైమట్టి పెళ్లలు పెళ్లలుగా విరిగిపడుతుంది. లోపలి ఒడ్డున ప్రవాహం నెమ్మదించి ఇసుక మేట వేస్తుంది. కోత, మేట కలిసి మలుపును ఏటేటా జరుపుతూనే ఉంటాయి. మెలిక మరీ ముదిరితే, ఏదో ఒక వరదలో నది దాని మెడలాంటి సన్నని నేలను తెంచుకుని తిన్నగా పారుతుంది. పాత మలుపు విల్లులా వంగిన చెరువై మిగులుతుంది. అమెరికాలో 1876లో మిసిసిపి నది ఇలాగే దారి మార్చడంతో టెనెసీ రాష్ట్రపు ఊరు రెవరీ నదికి అవతల, ఆర్కాన్సా వైపున పడింది. రాష్ట్ర సరిహద్దు మాత్రం పాత దారినే ఉండిపోయింది!

నది మోసే మట్టినీ మరిచిపోతున్నాం. 1970లో ఈజిప్టులోని ఆస్వాన్ హై డ్యామ్ పూర్తయ్యాక నైలు ఒండ్రు జలాశయంలోనే నిలిచిపోతోంది, డెల్టా తీరాన్ని సముద్రం కోసేస్తోంది.

వరద మైదానాల్లో ఇళ్లకు అనుమతులిచ్చేవారు నేటి గట్టును మాత్రమే కొలిస్తే చాలదు. నది గతంలో తిరిగిన దారులనూ పటాల్లో గుర్తించాలి. మీ పత్రిక వరద వార్త పక్కన అలాంటి పటం ఒక్కటి వేసినా, ఎక్కడ స్థలం కొనకూడదో చదువరికి తెలుస్తుంది.

– ఒక భూగోళశాస్త్ర ఉపాధ్యాయురాలు